తగ్గిన కాలం, తగ్గని దూరం

శ్రీనగర్, లేహ్ విమానాశ్రయాల మధ్య దూరాన్ని సరళరేఖలో కొలిస్తే సుమారు 255 కిలోమీటర్లు. ఆకాశమార్గాన దానిని దాటడానికి ముప్పాతిక గంట, కొంచెం అటూ ఇటూగా. రహదారి మీద అదే దూరం దాదాపు 420 కిలోమీటర్లు. ప్రయాణికులలో చాలామంది కార్గిల్‌లో ఒక రాత్రి బస చేసి రెండవ రోజుకు గమ్యం చేరతారు. మోటారు దారి ఏర్పడక పూర్వం గుర్రాల బిడారులకు ఇది రమారమి పక్షం రోజుల ప్రయాణం. చాంగ్‌థాంగ్ పీఠభూమిలోని మేకల సన్నని ఉన్ని ఈ దారినే కాశ్మీరు మగ్గాలను చేరి శాలువలుగా మారేది.

పక్షం రోజులు ముప్పాతిక గంటగా కుదించుకుపోవడం వెనుక యుద్ధకాలపు అవసరం ఉంది. 1948లో లడఖ్‌కు ముప్పు ముంచుకొచ్చినప్పుడు, స్థానిక ఇంజనీరు సోనం నోర్బు అక్కడి ప్రజల శ్రమతో సింధు లోయలో ఒక తాత్కాలిక రన్‌వేను సిద్ధం చేశారు. ఆ సంవత్సరం మే 24న ఎయిర్ కమడోర్ మెహర్ సింగ్ తన డకోటా విమానాన్ని దానిపై దించారు. జనరల్ తిమ్మయ్య ఆయన వెంట ఉన్నారు. లోపల గాలి పీడనాన్ని నియంత్రించే ఏర్పాటు లేని ఆ విమానం హిమాలయ శిఖరాలను దాటి రావడం సాహసమే. ఆ తరువాతనే సైనికులూ సామగ్రీ ఆకాశమార్గాన లేహ్‌కు చేరడం సాధ్యమైంది.

అయితే కాలం తగ్గినంత మాత్రాన పర్వతం తన ఎత్తును తగ్గించుకోలేదు. లేహ్ విమానాశ్రయం సముద్రమట్టానికి 3,256 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి పలుచని గాలిలో విమానం బరువు తగ్గించుకోక తప్పదు. మధ్యాహ్నమైతే లోయలో గాలులు బలపడతాయి. అందుకే రాకపోకలు ఎక్కువగా ఉదయపు వేళలకే పరిమితమవుతూ వచ్చాయి. విమానం దిగిన ప్రయాణికుడికి మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకోవలసిందిగా వైద్యులు చెబుతారు. పూర్వం బిడారుతో నడిచినవాడి దేహం మజిలీ మజిలీకీ ఎత్తుకు అలవాటు పడేది. దారిలో మిగిలిందనుకున్న కాలాన్ని దేహం గమ్యంలో తిరిగి అడుగుతుంది.

శీతకాలంలో ఈ లెక్క మరింత కఠినమవుతుంది. 3,500 మీటర్లకు పైబడిన జోజిలా కనుమను మంచు మూసివేసినప్పుడు లడఖ్ వాసులకు విమానమే ఆధారం. కార్గిల్‌లో చిక్కుపడిన వారిని వాయుసేన రవాణా విమానాలు చేరవేసిన శీతకాలాలు అనేకం. అటువంటి రోజున మేఘం కమ్మి విమానం రద్దయితే, రోగితో ఎదురుచూసే కుటుంబానికి ముప్పాతిక గంట అనే మాటకు అర్థం లేదు. వారికి లేహ్ నుంచి శ్రీనగర్ ఎంత దూరమో ఆనాటి ఆకాశమే నిర్ణయిస్తుంది.

2020లో పనులు మొదలైన సుమారు 13 కిలోమీటర్ల జోజిలా సొరంగానికి ప్రాముఖ్యం ఇక్కడే. అది విమానంతో వేగంలో పోటీ పడేది కాదు. విమానం ఎగరలేని రోజున కూడా దారి తెరచి ఉండాలన్నదే దాని ఉద్దేశం. సరిహద్దు ప్రాంతాలకు ప్రణాళికలు రచించేవారు ప్రయాణ నిమిషాలతో పాటు, ఏడాదిలో ఎన్ని రోజులు ఆ ప్రయాణం నిశ్చయంగా సాగుతుందన్నదీ లెక్కించాలి. అక్కడ నివసించే ప్రజలు దూరాన్ని కొలిచేది ఆ రోజులతోనే.