ఒక తుపాకి – రెండు పనులు

‘తుపాకి’ అన్న మాట తెలుగుకు తుర్కీ భాషనుండి వచ్చినది. ‘బందూకు’ అన్న మాట అరబ్బీనుండి బయలుదేరి పారశీ, ఉర్దూల మీదుగా మనలను చేరినది. మా కళాశాలలో ఒక విద్యార్థి ఒక మాటను, మరొక విద్యార్థి మరొక మాటను వాడినా ఇద్దరూ చూపే వస్తువు ఒక్కటే. ఆ వస్తువునుండి మనిషి ఆశించే పనులు మాత్రం ఒక్కటి కావు. ఒకరు దానితో ఇల్లు కాపాడుకోవాలంటారు. ఇంకొకరు దానితో గురి సాధించి పతకం గెలవాలంటారు. ఈ రెండు పనులకూ ఒక్క ఆయుధం చాలునా అన్నది ఇక్కడ మేము పరిశీలింపదలచిన విషయం.

తెలుగు పాఠం చెప్పుకొనేవారికి తుపాకుల ప్రసక్తి ఎందుకని పాఠకులకు సందేహం కలుగవచ్చు. కొన్నేళ్ళుగా కళాశాలలో ఎన్.సి.సి. బాధ్యత కూడ మా మీదనే ఉన్నది. కనుక బంధువర్గంలో ఎవరికి ఈ విషయంలో సలహా కావలసినా మా గడప తొక్కుతారు. ప్రొద్దుటూరునుండి మైదుకూరు పోయే దారిలో, చాపాడు దగ్గర, మా బావగారి కుటుంబం ఊరికి దూరంగా పొలంలోనే ఇల్లు కట్టుకొని ఉంటున్నది. ఒక రాత్రి దొంగలు మోటారును, రాగితీగను ఎత్తుకొనిపోతూ ఇంటి తలుపును కూడ రెండుమార్లు తన్ని పోయినారు. నాటినుండి ఆ ఇంట నిద్ర లేదు. ఆయన పెద్దకూతురు డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నది, ఎన్.సి.సి.లో .22 రైఫిలు పట్టి ఐదు గుళ్ళను ఒక్కచోట కొట్టగలిగిన పిల్ల. పోటీలకు పోవాలని ఆమె కోరిక. తండ్రి భయం, కూతురి కోరిక కలిసి మా ముందుకు ఒక ప్రశ్నగా వచ్చినవి. ఆయన ఫోనులో ఒక అమెరికా వీడియో చూపి, “అబ్బీ, ఇట్లాంటిది ఒకటుంటే ఇంటికీ ఐతాది, పాప పందేలకీ ఐతాది గదా?” అని అడిగినారు.

ఆయన చూపినది పిస్తోలు తూటాలు పేల్చే కార్బైన్. కార్బైన్ అనగా పూర్వం గుర్రపుదళాల వారికోసం పొట్టిగా చేసిన తుపాకి. 1902లో జర్మనీలో రూపొందిన 9 మిల్లీమీటర్ల పిస్తోలు తూటానే పేల్చునట్లు, భుజానికి ఆనించుకొనే వీలుతో చేసిన దానిని అక్కడివారు ఇల్లు కాపాడుకొనుటకూ, పోటీలకూ కొంటున్నారు. పిస్తోలును చేతులు మాత్రమే పట్టుకొంటాయి. దీనిని భుజం, చెంప, రెండు చేతులు కలిసి పట్టుకొంటాయి. కనుక కొత్తవారికి కూడ గురి త్వరగా కుదురుతుంది. అమెరికాలో 2016నుండి ఆచరణాత్మక పోటీలలో దీనికొక ప్రత్యేక విభాగమే ఉన్నది.

దానిని అమర్చుకొనే పద్ధతి కూడ గమనింపదగినది. కట్టె పొడవు మన చేతి పొడవుకు సరిపోవలె. చెంప ఆనగానే మెడ వంచకుండ కన్ను గురిచుక్క వెనుకకు రావలె. ఆ ఎర్రచుక్క అద్దం గొట్టానికి రెండు అంగుళాలకు పైగా ఎత్తున ఉండుటచేత, గదిలోపలి దూరంలో గుండు మనం చూచిన చోటుకు ఆ మేరకు క్రిందుగా తగులుతుంది. ఇది తెలియనివాడు దగ్గరనే గురి తప్పుతాడు. ఈ రకంలో చాలావాటికి లోపలి బోల్టు బరువే తూటా వెనుకతాకిడిని ఓర్చవలసి ఉన్నందున, చిన్న తూటా ఐనా కుదుపు అనుకొన్నంత తక్కువ కాదు. పోటీకి అమర్చినవాడు వేగం కోరుకొంటాడు. ఇంటికి అమర్చినవాడు దీపం, తాళం కోరుకొంటాడు. ఆ దేశంలోనే ఒక్క ఆయుధానికి రెండు అలంకారాలు చేయవలసి వస్తున్నదన్నమాట.

మన దేశంలో ఆ ప్రశ్న అంతవరకు పోదు. 9 మిల్లీమీటర్లు, .303 మొదలగునవి సైన్యం, పోలీసుల తూటాలు గనుక సామాన్యులకు నిషిద్ధాలు. .303 దొరకని చోట సామాన్యులకు .315 రైఫిలు చేసి ఇచ్చుట కూడ అందువల్లనే. కాన్పూరు కర్మాగారంలో స్టెర్లింగ్ నమూనాగా తయారైన 9 మిల్లీమీటర్ల కార్బైన్‌ను మన జిల్లా ప్రజలు ఎరుగనివారు కారు. నాయకుల వెంట నడిచే గన్‌మెన్ భుజాన దానిని ఎన్నోమార్లు చూచినారు. చూచినంత మాత్రాన అది మన ఇంటికి వచ్చే వస్తువు కాదు.

ఇక 1959నాటి ఆయుధ చట్టాన్ని తెరిస్తే 13వ సెక్షనులో ఒక చక్కని విభజన కనిపిస్తుంది. రక్షణకు గాని, క్రీడకు గాని కోరే గాడిలేని గొట్టపు తుపాకిని, గొట్టం 20 అంగుళాలకు తగ్గకూడదన్న షరతుతో, ఒక మాటగా చెప్పినారు. రైఫిల్ క్లబ్బు సభ్యులు గురి సాధనకు కోరే .22 రైఫిలును, గాలి రైఫిలును మరొక మాటగా చెప్పినారు. ఇంటి తుపాకి ఒక దారి, గురి తుపాకి ఒక దారి. 2019 సవరణ తర్వాత ఒక వ్యక్తి వద్ద ఉండదగిన తుపాకులు మూడునుండి రెండుకు తగ్గినవి. లైసెన్సు గడువు మూడేళ్ళనుండి ఐదేళ్ళకు పెరిగినది. 21 ఏళ్ళు నిండనివారికి లైసెన్సు లేదు. శిక్షణలో, పెద్దల పర్యవేక్షణలో పట్టుకొనే వీలు మాత్రం కలదు.

ఇంటికై మనవారు సాధారణంగా కోరేది 12 బోరు జంటగొట్టాల తుపాకి. గొట్టం లోపలి కొలతకు సరిపడు సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌను తూగుతాయి గనుక దానికా పేరు. అది నమ్మకమైన ఆయుధమే. ఐతే పెద్ద గుండ్ల తూటా వేస్తే తలుపు చెక్కను దాటి అవతలివారికి తగులగలదు. అవతల ఉన్నది దొంగయా, నీళ్ళకు లేచిన తల్లియా అన్నది గుండుకు తెలియదు. చట్టం సంగతి వేరే ఉన్నది. 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత కూడ ఆత్మరక్షణ హక్కును పాత శిక్షాస్మృతి వలెనే ఇచ్చినది. అవసరానికి మించిన హానికి మాత్రం హక్కు ఇవ్వలేదు. ప్రాణభయం లేనిచోట, మోటారు ఎత్తుకొని పారిపోయే దొంగను కాల్చి చంపుటకు ఎవరికీ అనుమతి లేదు.

వీటన్నిటికంటె గట్టి మాట మా అక్క చెప్పినది. ఆ ఇంట ఏడేళ్ళ పిల్లవాడున్నాడు. “తుపాకి పెట్టెలో పెట్టి తాళంచెవి నా కొంగున కట్టుకుంటే రేత్రి నన్ను లేపి, తాళం తీసి, తూటాలు ఏసేలోపల దొంగ మైదుకూరు చేరతాడు. తలగడ కింద పెట్టుకుంటే దొంగ కంటే ముందు చిన్నోడు తీస్తాడు. ఏది చేయమంటావు తమ్ముడూ?” తాళంలోని తుపాకి పిల్లవానికి అందదు, మనకూ అందదు. తలగడ క్రిందిది మనకు అందుతుంది, వానికీ అందుతుంది. ఏ కంపెనీ తుపాకిని ఎన్నుకొన్నా ఈ చిక్కు తీరదు. మేము చదివిన గ్రంథాలేవీ దీనికి ఇంత స్పష్టమైన రూపం ఇవ్వలేదు.

మరొక సంగతి కూడ మా సీమలో ఆలోచింపదగినది. ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సు తుపాకులను స్టేషనులో అప్పగింపజేస్తారు. పల్లెలో భయం మిక్కుటంగా ఉండే ఆ రోజులలోనే ఇంటి తుపాకి ఇంట ఉండదు. కక్షలలో పండిపోయిన నేల ఇది. ఇక్కడ తుపాకి ఇంటికి కాపలా కాకముందే ఇంటికొక పేరు తెస్తుంది. ఆ పేరును మోయగలమా అని కూడ కొనేవారు ఆలోచింపవలె.

బావగారు మా మాటలకు సులభంగా తల ఊపలేదు. “నువ్వు టౌన్లో ఉండేవానివి. రేత్రిపూట ఆ తోటలో ఉండేది మేము” అన్నారు. ఆ మాటలో న్యాయం ఉన్నది, మేము కాదనలేదు. దూరపు ఇంటి భయాన్ని ఊరి నడిబొడ్డున కూర్చొని తేలిక చేయుట మర్యాద కాదు. ఐనా ఆయన అక్క ప్రశ్నకు జవాబు వెదకి, దొరకక, చివరకు తలుపుకు ఇనుప గ్రిల్లు పెట్టించినారు. మోటారు షెడ్డుకు దీపాలు, ఒక కుక్క, చుట్టుపట్ల పొలాల రెండు కుటుంబాలతో ఈల వినబడగానే రావలెనన్న ఒప్పందం తోడైనవి. లైసెన్సు దరఖాస్తును చింపలేదు. పిల్లవాడు పెద్దవాడైన తర్వాత చూతమని బీరువాలో ఉంచినారు. అది ఆయన నిర్ణయం. గౌరవింపదగినదని మా అభిప్రాయం.

కూతురి కోరికకు దారి ఇంతకంటె తేలికగా దొరికినది. 4.5 మిల్లీమీటర్ల గాలి రైఫిలుకు, శక్తి 20 జౌళ్ళకు మించనంతవరకు, 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కరలేదు. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల పోటీ దీనితోనే జరుగుతుంది. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం గెలిచినదీ, 2012లో లండన్‌లో హైదరాబాదు యువకుడు గగన్ నారంగ్ కాంస్యం గెలిచినదీ ఇందులోనే. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో పిస్తోలుతో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చినది. పోటీ స్థాయి జర్మనీ రైఫిళ్ళ ధర లక్షలలో ఉంటుంది. కనుక మొదట క్లబ్బు రైఫిలుతోనే నేర్చుకొనుట మేలు.

లక్ష్యపు నల్లని గుండ్రం వ్యాసం 30.5 మిల్లీమీటర్లు, నడుమనున్న పది అర మిల్లీమీటరు చుక్క. గంటా పదిహేను నిమిషాలలో 60 గుళ్ళు. ఇక్కడ కూడ కట్టె పొడవు, చెంపబల్ల ఎత్తు, భుజపు పట్టీ వంపు మనిషి మేనికి కుట్టిన చొక్కా వలె సరిపడవలె. ముందరి వలయం నల్లని గుండ్రం కంటె కొంచెం పెద్దదిగా, చుట్టూ సమానంగా తెల్లని అంచు కనబడునట్లు ఎన్నుకోవలె. అన్నిటికీ మించి, గుళ్ళు ఒక్కచోట పడనంతవరకు గురిమర తిప్పరాదు. ముందు గుంపు, తర్వాత గురి. గుంపు కుదిరినదా, అది ఎడమకు పడినా కుడికి పడినా నాలుగు మరలు తిప్పితే నడుమకు వస్తుంది. గుంపు కుదరనివాడు ఎన్ని మరలు తిప్పినా ఫలితం లేదు.

అవ్వా కావలె బువ్వా కావలె అన్న ఆశ మానవ సహజం. భయానికి కొనే వస్తువు ఒక కొలత, ఆటకు కొనే వస్తువు ఒక కొలత. ఈ రెంటినీ ఒక్క ఒరలో దోపబోయినవాడు మొదట తన ఇంటిని, అందులో నిద్రించే పిల్లలను తలచుకొనవలె. తుపాకి కొనదలచిన మిత్రులు ధర అడుగుటకు ముందు ‘ఎందుకు’ అన్న ప్రశ్న అడుగుకొందురు గాక. ఆ ప్రశ్నకు జవాబు కుదిరిననాడు తక్కినవన్నీ మరలు తిప్పి సవరించుకొనదగినవే.