తోడు నడిచే మనిషి

మన పత్రికలు చాలాకాలం "మానభంగం" అనే మాట వాడాయి. ఇప్పటికీ కొందరి నోట ఆ మాటే వినబడుతుంది. సమాజపు దృష్టి అంతా ఆ ఒక్క మాటలోనే వుంది. భంగమయింది మానమే అయితే నష్టపోయింది కుటుంబ గౌరవం. దానికి తెలిసిన వైద్యం మౌనం. గాయపడింది మనిషి అని ఒప్పుకుంటే మాత్రం వేరే ప్రశ్నలు లేస్తాయి. ఆమెను చూసే డాక్టరు ఎవరు? ఠాణాకు తోడు ఎవరు వస్తారు? పోయిన కూలి ఎవరిస్తారు? ఇవి ప్రభుత్వ ధనం ఎవరికోసం, ఎలా ఖర్చు కావాలి అనే ప్రశ్నలు. శిక్ష గురించి జరిగినంత చర్చ వీటి గురించి జరగడం లేదని నా అభిప్రాయం.

చట్టం తనంతట తాను కదిలిన సందర్భం లేదు. 1972లో మహారాష్ట్రలో ఒక ఆదివాసీ బాలికపై పోలీసు ఠాణాలోనే అత్యాచారం జరిగింది. 1978లో సుప్రీంకోర్టు నిందితులైన పోలీసులను విడిచిపెట్టింది. మరుసటి యేడు నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. అంతకుముందే, 1978లో, నల్లకుంట ఠాణాలో జరిగిన ఘోరానికి హైదరాబాదు నగరం అట్టుడికింది. ఈ ఆందోళనల ఫలితంగా 1983లో చట్టం మారింది. కాని ఆ మార్పు ప్రధానంగా శిక్షకూ, సాక్ష్యానికీ సంబంధించినది. బాధితురాలికి రాజ్యం ఏమి బాకీ వున్నదన్న ప్రశ్న అలాగే మిగిలింది. 1994లో సుప్రీంకోర్టు, రైల్లో అత్యాచారానికి గురైన ఇంటిపని స్త్రీల కేసులో, ఇలాంటి వారికి ఠాణాలోనే వకీలు సహాయం అందాలనీ, పరిహారం ఏర్పాటు చేయాలనీ చెప్పింది. 2012 డిసెంబరు ఢిల్లీ ఘటన తర్వాత, 2013 బడ్జెట్టులో 1000 కోట్లతో "నిర్భయ నిధి" ఏర్పడింది. మొదటి సంవత్సరాల్లో అందులో ఎక్కువ భాగం ఖర్చే కాలేదు. 2015 నుంచి "సఖి" కేంద్రాలు వచ్చాయి. 2022లో వాటిని "మిషన్ శక్తి"లో కలిపారు.

కాగితం మీద ఏర్పాటు మంచిదే. వైద్యం, పోలీసు సహాయం, వకీలు, మనోధైర్యం చెప్పే మనిషి, అయిదు రోజుల వసతి: అన్నీ ఒకే కప్పు కింద. ఖర్చు కేంద్రానిది, నడపడం రాష్ట్రానిది. కాని డాక్టరు ఆరోగ్య శాఖ ఉద్యోగి. ఎస్సై హోంశాఖ మనిషి. కేంద్రం స్త్రీ శిశు సంక్షేమ శాఖది. పరిహారం తేల్చేది జిల్లా న్యాయసేవాధికార సంస్థ. 2018 పథకం ప్రకారం అత్యాచార బాధితురాలికి 4 నుంచి 7 లక్షల వరకు ఇవ్వవచ్చు. ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క ఫైలు. వీటన్నిటినీ కలిపే సమితికి కలెక్టరుగారు అధ్యక్షులు. సమితి ఎప్పుడో సమావేశమవుతుంది. గాయానికి అంత ఓపిక లేదు. హెచ్.ఐ.వి. రాకుండా ఇచ్చే మందు 72 గంటల లోపల మొదలుపెట్టాలి. జిల్లా కేంద్రానికి రోజుకు రెండు బస్సులున్న ఊరికి 72 గంటలు ఎంత తక్కువో నా విద్యార్థులు లెక్క కట్టగలరు.

నేను చరిత్ర చెప్పుకునే మాస్టరుని. కొన్నేళ్ళ కింద, పత్తి ఏరే కూలి కుటుంబమొకటి తోడు రమ్మంటే ఒక ఆసుపత్రికి వెళ్ళాను. "ముందు ఠాణా కాగితం తెండి" అన్నారు. పోలీసు కాగితం లేకపోయినా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలని 2013 నుంచి చట్టం వుంది. నిరాకరించడం యేడాది జైలుకు తగిన నేరం. ఆ సంగతి చెప్పాక తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత అమ్మాయి జరిగింది నర్సుకు చెప్పింది, డాక్టరుకు చెప్పింది, ఇద్దరు పోలీసులకు చెప్పింది. "సారూ, ఇంకెంతమందికి చెప్పాల?" అని తల్లి నన్నడిగింది. ఆ సాయంత్రం సఖి కేంద్రం నుంచి వచ్చిన ఉద్యోగిని అమ్మాయి పక్కన కూర్చుని, "ఇకమీదట ఎవరడిగినా ముందు నేను మాట్లాడతాలేమ్మా" అన్నది. ఆ క్షణం నుంచే ఆ గదిలో నాలుగు శాఖలూ ఒకటిగా పని చేశాయి. తర్వాత మాటల్లో తెలిసింది: ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం, అయిదు నెలలుగా జీతం లేదు.

సమన్వయమనేది శ్రమ. ఒక మనిషి బస్సెక్కి, గుమ్మాల ముందు నిలబడి, వాయిదా తేదీ గుర్తుపెట్టుకుని చేసే శ్రమ. సర్క్యులర్ల వల్ల, గోడకు రాసిన 181 నంబరు వల్ల అది జరగదు. ఆ శ్రమ చేసేవారు ఎక్కువగా స్త్రీలు. కాబట్టి దాన్ని "సేవ" అని పొగిడి, తక్కువ జీతానికి, అదీ ఆలస్యంగా కొనుక్కోవడం పాలకవర్గానికి సులువవుతున్నది. జీతం అందక ఆమె మానుకుంటే, బాధితురాలు తన కథ మళ్ళీ మొదటినుంచి కొత్త మనిషికి చెప్పుకోవాలి. కోర్టు కేసు ఏళ్ళు పడుతుంది. కాంట్రాక్టు అంతకాలం వుండదు. బాధితురాలి న్యాయమూ ఆ ఉద్యోగిని జీతమూ ఒకే ప్రశ్నకు రెండు ముఖాలు.

ఇవన్నీ సంస్కరణలు, వర్గ సమాజపు పుండుకు కట్టు కట్టడమేగదా అనే మిత్రులున్నారు. ఎనిమిది గంటల పనిదినం కూడా సంస్కరణే. దాని కోసం పోరాడిన కార్మికులు సమాజం మారేదాకా పన్నెండు గంటలు పనిచేస్తామనలేదు. పైగా డబ్బున్న కుటుంబం సొంత వకీలును, సొంత డాక్టరును పెట్టుకోగలదు. ప్రభుత్వ గుమ్మం తప్ప మరో గుమ్మం లేనిది కూలి తల్లికీ, దళిత, ఆదివాసీ బాలికకే.

అందువల్ల మన సంఘాలు అడగవలసినవి స్పష్టంగా వున్నాయి. ఈ కేంద్రాల ఉద్యోగాలు శాశ్వతం చేయాలి. ప్రతి బాధితురాలికి కేసు తేలేదాకా ఒకే మనిషిని బాధ్యురాలిగా నియమించాలి. ఎంత నిధి వచ్చింది, ఎంత ఖర్చయింది, పరిహారం ఎన్ని నెలలకు అందింది అన్న లెక్క, బాధితుల పేర్లు బయటపడకుండా, ప్రతి జిల్లాలోనూ యేటా ప్రకటించాలి. శాసనసభలో ప్రశ్న వేయించడానికీ, సమాచార హక్కు దరఖాస్తు పెట్టడానికీ విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ పెద్ద బలగం అక్కరలేదు. ఈ యేడు మన జిల్లా మహాసభల తీర్మానాల్లో ఈ మూడూ చేరాలని నా ప్రతిపాదన.