అర్ధరాత్రి దాటిన బండి

నా దగ్గర గ్రాఫ్ థియరీలో పీహెచ్‌డీకి చేరిన స్కాలర్‌కి మొదట ఏ పేపరూ చదవమని ఇవ్వను. సికింద్రాబాద్ స్టేషన్ లెక్క ఒకటి ఇస్తాను. ఏ బండి ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలుసు. ఒకే సమయంలో ఒక ప్లాట్‌ఫారం మీద రెండు బళ్లు ఉండకూడదు. తక్కువలో తక్కువ ఎన్ని ప్లాట్‌ఫారాలు కావాలి? మా స్కాలర్లలో చాలామంది ఘట్‌కేసర్ వైపో మేడ్చల్ వైపో ఇంజనీరింగ్ కాలేజీల్లో పాఠాలు చెప్పుకుంటూ శనివారాలు వచ్చేవాళ్లు. కాజీపేట నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ స్టేషన్ గురించి వాళ్లకి నేను కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు.

బండికో శీర్షం పెట్టి, సమయాలు కలిసే రెండు బళ్ల మధ్య గీత గీస్తే గ్రాఫ్ తయారవుతుంది. ప్లాట్‌ఫారం అంటే ఆ శీర్షానికి వేసే రంగు. ఏ క్షణంలోనైనా స్టేషన్లో ఎక్కువలో ఎక్కువ ఎన్ని బళ్లుంటాయో అన్ని ప్లాట్‌ఫారాలు చాలు. వచ్చిన వరసలో ఖాళీగా ఉన్నదాని మీదికి పంపుతూ పోవాలి. ఏదీ ఖాళీ లేదంటే ఆ క్షణంలో అన్నిటి మీదా బళ్లున్నట్టే. అదే రుజువు. చాలామంది ఇక్కడికి వారంలో వచ్చేస్తారు.

ఒకావిడ మాత్రం అక్కడ ఆగలేదు. “సార్, రాత్రి పదకొండున్నరకి వచ్చి పన్నెండున్నరకి పోయే బండి ఏ రోజు లెక్కలోకి వస్తుంది?” అని అడిగింది. గైడ్‌గా నేను ఎదురుచూసేది ఇలాంటి మాట కోసమే. టైంటేబుల్ రోజూ తిరిగొస్తుంది. ప్రతి బండికీ రోజూ అదే ప్లాట్‌ఫారం కావాలంటే, గీతలా ఉన్న కాలం చుట్టు తిరిగి వృత్తమవుతుంది. అప్పుడు పాత రుజువు నిలవదు. “నిలవదని ఎలా చూపిస్తావమ్మా?” అని మాత్రం అడిగి పంపించాను.

తర్వాతి శనివారం ఐదు బళ్లతో వచ్చింది. ఒక్కొక్కటీ పోయేముందు తర్వాతిది వస్తుంది. ఐదోది అర్ధరాత్రి దాటాక మొదటిదాన్ని కలుస్తుంది. ఏ క్షణం చూసినా రెండు బళ్లకి మించి లేవు. కానీ ఒకటి, రెండు, ఒకటి, రెండు అని పంపుతూ పోతే ఐదోదానికి చోటుండదు: రెండో ప్లాట్‌ఫారం మీద నాలుగోది ఉంది, ఒకటో ప్లాట్‌ఫారం మీదికి మొదటిది వచ్చేస్తుంది. మూడో ప్లాట్‌ఫారం కావాల్సిందే. నిజం బళ్లు అంతసేపు నిలబడవనుకోండి, అయినా గణితానికి అది చాలు. ఇంకొన్నాళ్లకి, ఒకేసారి ఎక్కువలో ఎక్కువ ఎన్ని బళ్లుంటాయో దానికి రెట్టింపు ప్లాట్‌ఫారాలు ఎప్పుడూ సరిపోతాయని కూడా తనే తేల్చింది. అర్ధరాత్రి దాటే బళ్లని వేరుగా తీసి వాటికి వేరే ప్లాట్‌ఫారాలు ఇచ్చేస్తే, మిగిలినవి మళ్లీ గీత మీది బళ్లే.

అప్పుడు చెప్పాను. ఆలన్ టక్కర్ 1975లోనే ఇలా వృత్తం మీది చాపాల నుంచి వచ్చే గ్రాఫుల మీద రాశాడని, రెట్టింపు కంటే ఒకటి తక్కువైనా చాలని చూపించాడని. కచ్చితంగా ఎన్ని కావాలో తేల్చడం ఎన్‌పీ-కంప్లీట్ (వేగంగా తేల్చే పద్ధతి ఎవరికీ తెలియని) సమస్య అని 1980లో గ్యారీ, జాన్సన్, మిల్లర్, పాపాడిమిట్రియు నిరూపించారని. ఆమె మొహం చిన్నబోయింది. టక్కర్‌కి తట్టిన ప్రశ్న నీకు రైల్లో కూచుని తట్టిందంటే నీ చూపు సరైన చోటే ఉందని చెప్పాను. ఓదార్పు కోసం అన్న మాట కాదది.

ముందే చెబితే ఆర్నెల్లు మిగిలేవి కదా అని తోటి అధ్యాపకులు అడుగుతారు. మిగిలేవి. కానీ పేపర్‌తో మొదలుపెట్టిన స్కాలర్ అందులో ఒక షరతు మార్చి ఇంకో పేపర్ రాయడం నేర్చుకుంటాడు. గ్రాఫు శీర్షాలకి సంఖ్యలిచ్చే లేబులింగ్‌లో ఇది రోజూ చూస్తున్నాను. 1967లో అలెగ్జాండర్ రోసా మొదలుపెట్టిన ఆ ప్రశ్న గొప్పది. అంచులు, అంటే గీతలు, n ఉన్న గ్రాఫు శీర్షాలకి 0 నుంచి n దాకా ఉన్న వేర్వేరు సంఖ్యలిచ్చి, అంచుల మీద తేడాలు 1 నుంచి n దాకా ఒక్కోసారే వచ్చేలా చేయగలమా అని. చెట్లన్నిటికీ (వలయం లేకుండా ఒకే ముక్కగా ఉన్న గ్రాఫులకి) కుదురుతుందా అన్నది ఈనాటికీ తేలలేదు. జోసెఫ్ గాలియన్ సర్వేలో చేరిన లేబులింగ్ పేపర్లు మూడు వేలు దాటాయి. వాటిలో ఎన్నో కొత్త పేరు పెట్టి నాలుగు రకాల గ్రాఫులకి సరిచూసినవే. అలాంటిది పట్టుకొచ్చిన స్కాలర్‌ని ఐదు శీర్షాల వలయానికి ఎందుకు కుదరదో చెప్పమంటాను. కంప్యూటర్ కుదరదంటుంది, ఎందుకో చెప్పదు. వలయం చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వస్తాం కాబట్టి తేడాల మొత్తం సరిసంఖ్య కావాలి; 1 నుంచి 5 కలిపితే 15. ఆరు శీర్షాలకైతే 21, అదీ కుదరదు. ఒక్క వాక్యంతో అలాంటి వలయాలన్నీ తేలిపోతాయి. ఇది చూసిన రోజు కొంతమంది తమ సినాప్సిస్ తామే మార్చుకున్నారు.

తప్పు వాళ్లదనను. థీసిస్ ఇచ్చేముందు జర్నల్ పేపర్ ఉండాలన్న నిబంధనని యూజీసీ 2022లో తీసేసింది గానీ, ఉద్యోగం దగ్గర లెక్కపెట్టేది ఇంకా పేపర్లనే. సీఎస్ఐఆర్ ఫెలోషిప్ వచ్చినవాళ్లకి ఐదేళ్లపాటు ఇల్లు గడుస్తుంది. పార్ట్‌టైం వాళ్లకి అదీ లేదు. ఇల్లు, ఉద్యోగం, పిల్లలు అయ్యాక రాత్రి పదింటికి నోట్‌బుక్ తెరిచేవాళ్లతో, ఏడాదిపాటు ఏమీ తేలకపోయినా పర్వాలేదు అనాలంటే ఆ బరువులో సగం గైడ్ మోయాలి. రివ్యూ కమిటీ ముందు వాళ్ల పక్కన నిలబడి ఈ ఏడాది ఏం ప్రయత్నించారో, ఎక్కడ ఆగిందో వివరించడం నా పనే అనుకుంటాను.

కొత్త గణితం మనవాళ్ల చేతుల్లో జరిగేది కాదు అనుకునేవాళ్లకి భారతీయ గణితవేత్తలు బోస్, శ్రీఖండేల కథ చెబుతాను. ఇద్దరూ గురుశిష్యులు. దాదాపు రెండు శతాబ్దాల ముందు ఆయిలర్ లాటిన్ చదరాల (ప్రతి వరసలోనూ ఒక్కో గుర్తు ఒక్కసారే వచ్చే చదరాల) గురించి ఊహించినది తప్పని, పార్కర్ అనే ఇంకో గణితవేత్తతో కలిసి 1959లో తేల్చారు. బోస్‌తో కలకత్తాలో పనిచేసిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు ఎమ్మే గణితం చదివింది ఆంధ్రా యూనివర్సిటీలోనే.

స్కాలర్లు రుజువు తెస్తే, మొదట నోటితో, తెలుగులో చెప్పించుకుంటాను. ఇంగ్లీషులో “క్లియర్లీ” అని రాసి దాటేసిన చోట, తెలుగులో చెబుతూ ఆగిపోతారు. సాధారణంగా లోపం అక్కడే ఉంటుంది.

అర్ధరాత్రి బండి గురించి అడిగిన ఆవిడ తర్వాత ఇంకో ప్రశ్న తెచ్చింది: పొడుగు బండి అన్ని ప్లాట్‌ఫారాల మీదా పట్టదు కదా, ఒక్కో బండికీ కొన్నే అనుమతిస్తే? దాన్ని కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తేల్చి పేపర్ రాసింది. మా రంగంలో పేర్లు అక్షరక్రమంలో వేస్తాం. ఇక్కడ ఆ అవసరం రాలేదు, ఆమె ఒక్కదాని పేరే వేయించాను. ఆమె పనిచేసే కాలేజీవాళ్లు గైడ్ పేరెందుకు లేదని వివరణ అడిగారు. ఉత్తరం రాసిచ్చాను: “ప్రశ్న ఆమెది. రెండో లెమ్మాలో లోపం ఉందని నేను చెప్పాను. దాన్ని సరిదిద్దిన పద్ధతి ఆమెదే, నాకు తట్టలేదు.”