స్కిప్టన్ కోటలో అక్క గుర్తొచ్చింది

లీడ్స్‌కి ఆన్‌సైట్ వచ్చి ఐదు నెలలైంది. శనివారం వచ్చిందంటే బట్టలు ఉతుక్కోవడం, వారానికి సరిపడా వంట... అంతే. మొన్న మాత్రం పొద్దున్నే రైలెక్కి స్కిప్టన్ వెళ్లా. ముప్పావుగంట ప్రయాణం.

ఆ పేరుకి అర్థమే గొర్రెల ఊరు. 1204లో జాన్ రాజు ఇక్కడ సంతకి అనుమతిచ్చాడు. ఇప్పటికీ వారానికి నాలుగు రోజులు హై స్ట్రీట్ పొడవునా దుకాణాలు పెడతారు. చీజ్, పూలమొక్కలు, సాక్సులు, ఫోన్ కవర్లు... అచ్చం మన సంతే, కాకపోతే అరుపులుండవు. అలవాటుకొద్దీ బేరమాడబోయా. చీజ్ అమ్మే పెద్దాయన నవ్వేశాడు, తగ్గించలేదు.

కాలువ ఒడ్డున ఫ్రెడ్ ట్రూమన్ విగ్రహం ఉంది. 1952లో లీడ్స్ టెస్టులో మనవాళ్లు ఒక్క పరుగూ చేయకుండానే 4 వికెట్లు పోగొట్టుకున్నారు కదా, అందులో మూడు ఈయనవే. అదీ మొదటి టెస్టులోనే! సెల్ఫీ తీసుకోవాలా వద్దా అని కాసేపు ఆలోచించి, తీసుకున్నా.

హై స్ట్రీట్ చివర్న కోట. అంతర్యుద్ధంలో మూడేళ్ల ముట్టడిని తట్టుకుని, 1645 డిసెంబర్లో లొంగిపోయింది. గెలిచిన పార్లమెంట్ వాళ్లు దాని పైకప్పులు తీయించేశారు. మళ్లీ బాగు చేయించింది ఆన్ క్లిఫర్డ్. లోపల చిన్న రాతి ప్రాంగణం మధ్యలో 1659లో ఆవిడ నాటించిన యూ చెట్టు ఇంకా పచ్చగా ఉంది.

ఆవిడ 1590లో ఈ కోటలోనే పుట్టింది. తండ్రికి మిగిలిన ఏకైక సంతానం. కానీ 1605లో ఆయన పోతూ పోతూ ఆస్తంతా తమ్ముడికి రాసేశాడు. అప్పుడామెకి పదిహేనేళ్లు. కోర్టుకెక్కింది. రాజీకి ఒప్పుకోమని భర్త సతాయించాడు, 1617లో రాజు జేమ్స్ స్వయంగా తీర్పు చెప్పాడు. అయినా సంతకం పెట్టలేదు. చివరికి బాబాయి, ఆయన కొడుకు కూడా పోయాక, 1643లో గానీ ఆస్తి ఆమెకి రాలేదు. అప్పటికి 53 ఏళ్లు.

ఆ చెట్టు కింద నిలబడితే మా అక్క గుర్తొచ్చింది.

నాన్న పోయాక రెండెకరాల పొలం నా పేరు మీదకి మార్చేటప్పుడు, రిజిస్ట్రేషన్ ఆఫీసులో అక్క రిలీజ్ డీడ్ మీద సంతకం పెట్టింది. పెడతావా అని ఎవరం అడగలేదు, ఎక్కడ పెట్టాలో చూపించామంతే. నేను పక్కనే కూర్చుని రీల్స్ చూస్తున్నా.

అక్కడి నుంచే అక్కకి వీడియో కాల్ చేశా. "తిన్నావారా?" అంది. చెట్టు చూపించి, కథంతా చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు.

"అయితే చివరికి వచ్చిందన్నమాట ఆవిడకి?"

"వచ్చిందక్కా."

"చెట్టు బాగుంది. ఇంకోసారి చూపించు."

డిసెంబర్లో ఊరెళ్తున్నా. ఎకరం అక్క పేరు మీద గిఫ్ట్ డీడ్ రాయాలనుంది. అమ్మకి ఇంకా చెప్పలేదు.