రోజా అంటే ఒక్కపొద్దే!

కొండాపూర్‌లో బొటానికల్ గార్డెన్‌కి దగ్గర్లో ఓ అపార్ట్‌మెంట్. కొడుకు దగ్గర ఉందామని వచ్చిన రిటైర్డ్ తెలుగు టీచరు, పొద్దున్నే వచ్చే కారు డ్రైవరుకు కాఫీ ఇవ్వబోయారు. అతను చేతులు జోడించి 'రోజా, అమ్మా' అన్నాడు. ఆవిడకది 'రోజూనా, అమ్మా?' అన్నట్టు వినిపించింది. మర్నాడూ అదే మాట. మనింట్లో తాగడం ఇష్టంలేదు కాబోలనుకుని, మూడోరోజు నుంచి అడగడమే మానేశారు. వారం తర్వాత కోడలు చెప్పింది, అది రంజాన్ ఉపవాసమని.

మనసు చివుక్కుమంది. కానీ టీచరు కదా, ఆ మాట ఎక్కడిదో వెతికారు.

ఉపవాసానికి అరబ్బీ మాట సౌమ్. ఇరాన్‌వాళ్లు ఇస్లాంలోకి వచ్చినా దానికి తమ సొంత మాటే వాడుకున్నారు. పారశీకంలో 'రోజ్' అంటే పగలు. పగలంతా ఉండే ఉపవాసం రోజా. మధ్య ఆసియాలోని తురుష్క జాతులకు ఇస్లాం చాలావరకు పారశీకం మాట్లాడే బుఖారా, సమర్‌ఖండ్ ప్రాంతాల మీదుగా అందింది. మతంతోపాటు మాటా వెళ్లింది. అయితే వాళ్ల సొంత మాటలేవీ 'ర'తో మొదలుకావు. అందుకే ముందో అచ్చు చేర్చుకున్నారు. కజక్‌లో అది ఒరజా, కిర్గిజ్‌లో ఒరొజొ, తాతార్‌లో ఉరజా, టర్కీలో ఒరుచ్. తమిళులు రాముణ్ని ఇరామన్ అన్నట్టే!

1518లో గోల్కొండ రాజ్యం స్థాపించిన కుతుబ్‌షాహీలది తురుష్క వంశమే. కానీ వాళ్ల ఆస్థాన భాష పారశీకం. అందుకే ఇక్కడ ఒరుచ్ కాక రోజా నిలిచింది. మనం నిత్యం అనే 'రోజు' కూడా ఆ పారశీక 'రోజ్' నుంచి వచ్చిందే.

అక్కడ టీచరుగారికి అమ్మ గుర్తొచ్చింది. శనివారాలు ఆవిడ 'ఒక్కపొద్దు' ఉండేది. పొద్దు అంటే సూర్యుడు, పగలు. ఎక్కడి ఇరాన్, ఎక్కడి తెలుగు పల్లె! ఉపవాసానికి పేరు మాత్రం ఇద్దరూ పగటినుంచే తీసుకున్నారు.

ఆ సాయంత్రం డ్రైవరు వెళ్లబోతుంటే ఖర్జూరాల పొట్లం చేతిలో పెట్టి, 'ఒక్కపొద్దు విడిచేటప్పుడు తిను నాయనా' అన్నారావిడ.

అతను నవ్వాడు. 'మా ఊళ్లో మా నానమ్మా అట్లనే అంటదమ్మా!'