టెస్టులు విడగొడితే బయటపడ్డ తప్పు



మేం నలుగురం పాడేరు, హుకుంపేట వైపు నుంచి వచ్చి గాజువాకలో ఒకే రూమ్‌లో ఉంటున్నాం. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి కాఫీ లెక్కల యాప్ తీసుకున్నాం. సంతలో తూకం అయ్యాక చేతిలో పెట్టే చీటీలో ఆ మొత్తం ఎలా వచ్చిందో మా ఇళ్లలో ఎవరికీ తెలిసేది కాదు. పార్చ్‌మెంట్ ఎన్ని కిలోలు, చెర్రీ ఎన్ని కిలోలు అని కొడితే ఎంత రావాలో ఫోన్ చెప్పాలి. అంతే.

జావాస్క్రిప్ట్‌లో రాశాం, టెస్టులు మోకాతో. అన్నీ ఒకే ఫైల్‌లో పెట్టేసరికి 1,400 లైన్లు దాటింది. నలుగురం దాని మీదే పడితే గిట్‌లో రోజూ గొడవే. సరే అని బిల్లుకి, ధరలకి, తూకానికి వేరే ఫైళ్లు చేశాం. ఒక్క టెస్టూ మార్చలేదు. అయినా బిల్లు టెస్టులు ఫెయిల్! డబ్బు రావాల్సిన చోట 'నాన్' అని వచ్చింది, అంటే అంకె కాదని.

రెండు రాత్రులు మోకానే తిట్టుకున్నాం. తప్పు మాదే. అసలు ధరల పట్టికలో చెర్రీ ధర మేం పెట్టనే లేదు. పాత ఫైల్‌లో ముందుండే ధరల టెస్టు ఒకటి ఆ ధరని పట్టికలో వేసి తీయకుండా వదిలేసేది. వెనకొచ్చే బిల్లు టెస్టు దాన్నే వాడుకుని పాసయ్యేది. విడగొట్టాక ఫైళ్లు ఇంగ్లిష్ అక్షర క్రమంలో నడిచాయి. 'బి' బిల్లు ముందు, 'ఆర్' రేట్లు తర్వాత. ఆ యాప్ అలాగే ఊరికి తీసుకెళ్లి ఉంటే చెర్రీ తెచ్చిన ముసలాయనకి ఏం చూపించేవాళ్లం?

మోకా మామూలుగా ఫైళ్లన్నిటినీ ఒకే ప్రాసెస్‌లో నడుపుతుంది, అందుకే ఒక ఫైల్‌లో మార్చిన పట్టిక ఇంకో ఫైల్‌కీ అలాగే కనిపిస్తుంది. జెస్ట్ అయితే ఒక్కో ఫైల్‌కి మాడ్యూళ్లు కొత్తగా లోడ్ చేస్తుంది. కానీ ఒకే ఫైల్ లోపల అక్కడా ఇదే తంటా.

ఇప్పుడు ప్రతి కోడ్ ఫైల్ పక్కనే దాని టెస్ట్ ఫైల్. 'బిఫోర్ ఈచ్'లో ప్రతి టెస్టుకీ కొత్త పట్టిక. ఆ పట్టిక తయారుచేసే ఫంక్షన్ మాత్రం అందరికీ ఒక్కటే, వేరే ఫోల్డర్‌లో. మాలో ఒకడు 'ఓన్లీ' పెట్టి మర్చిపోతుంటాడు, వాడి కోసం 'ఫర్‌బిడ్ ఓన్లీ' కూడా పెట్టాం.

చెర్రీ ధర పట్టికలో ఎక్కించాం. ఈసారి ఊరెళ్లినప్పుడు ఇంట్లో దాచిన పాత చీటీలు తెచ్చి, వాటి లెక్కలే టెస్టులుగా రాస్తాం.