అమ్మ పెట్టెలో మొగలి

మూడేళ్ల క్రితం నేనొక నేరం చేశాను. అద్దె ఇల్లు వదిలి మచ్చ బొల్లారంలో సొంత ఇంటికి మారుతున్నప్పుడు, అమ్మ టేకుపెట్టెను పాత సామాన్లవాడికి అమ్మేశాను. కొత్త ఇంటి గుమ్మంలోంచి అది పట్టలేదు. అందులోని చీరలు ఇనప బీరువాలోకి చేరాయి. అమ్మ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

అది ఆవిడ పుట్టింటివారు పెట్టిన పెట్టె. వారిది ఇచ్ఛాపురం వైపు. అక్కడ చేలగట్ల మీద మొగలి డొంకలు దట్టంగా వుంటాయి. వానలు పట్టాక మా మేనమామ వచ్చాడంటే, తడిగుడ్డలో చుట్టిన రెండు మొగలిపొత్తులు కూడా వచ్చేవి. అతని చేతుల నిండా ముళ్లు గీరుకున్న గీతలు! ఒక రేకు అమ్మ జడలోకి, తక్కినవి పెట్టెలో పట్టుచీరల మడతల్లోకి. పొత్తు విప్పిన రోజున ఆ వాసనకు తట్టుకోవడం కష్టం. ముందు తేనెలాంటి తీపి, వెంటనే పచ్చి ఆకు వగరు, ఆ పైన ముక్కులో సూది గుచ్చినట్టు ఘాటు. అదే రేకు నెల తిరిగేసరికి గోధుమరంగుకి తిరిగి, టేకు చెక్కతోనూ కర్పూరంతోనూ పాత పట్టుతోనూ రాజీపడి, మరో వాసనైపోయేది. పండగనాడు ఆ మూత లేచిందంటే చాలు, పిల్లలం అందరం అందులో తలలు దూర్చేవాళ్లం.

చేసిన తప్పు దిద్దుకుందామని మొన్నొక ఆదివారం చార్మినారు దగ్గరికి వెళ్లాను. అత్తరు దుకాణం పెద్దాయన సీసా మూత తీసి, గాజుపుల్లతో నా చేతి వెనక ఒక చుక్క రాసి, "కేవడా" అన్నాడు. నాకు మా మేనమామ చేతులు కనిపించాయి.

ఆ చుక్క వెనక పెద్ద కథే వుంది. మొగలిలో మగచెట్టు వేసిన పొత్తుకే పరిమళం. ఆడచెట్టుకు అనాసను పోలిన కాయ కాస్తుంది గాని వాసన వుండదు. మన దేశంలో మొగలి తైలానికి పెట్టింది పేరు గంజాం జిల్లా. మా అమ్మ ఊరికి అది పొరుగే. 1936లో ఒరిస్సాలో కలిసేదాకా మదరాసు రాజధానిలోదే. ఇప్పటికీ అక్కడ తెలుగు కుటుంబాలు చాలా వున్నాయి. తెల్లవారుజామున కోసిన పొత్తుల్ని రాగి డేగిసాలో నీళ్లతో వేసి, మూతకు మట్టి మెత్తి, కింద మంట పెడతారు. ఆవిరి గొట్టంలోంచి చన్నీళ్లలో వుంచిన మరో పాత్రలోకి దిగుతుంది. ఆ పాత్రలో చందనతైలం పోసి వుంచితే, అది పరిమళాన్ని పట్టుకుని అత్తరవుతుంది. చందనం లేకుండా తీసిన శుద్ధ తైలాన్ని రూహ్ అంటారు. మొగలినీళ్లేమో బిర్యానీలోకీ మిఠాయిల్లోకీ పోతాయి. ఆ తైలంలో ఎక్కువపాలు ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే ఒకే ఒక పదార్థమని రసాయనశాస్త్రజ్ఞులు తేల్చారు. దాన్ని పువ్వుతో పని లేకుండానే తయారు చేయవచ్చు గనక, చవక సీసాల్లో మొగలి పేరే తప్ప మొగలి వుండదు.

బ్రహ్మ కోసం అబద్ధపు సాక్ష్యం చెప్పి శివపూజకు దూరమైన పువ్వు, ఇప్పుడు తన పేరుతో ఇంకొకరు అబద్ధమాడుతుంటే వింటోందన్నమాట!

నేను తెచ్చింది అసలుదేనని పెద్దాయన ప్రమాణం చేశాడు. ధర చూసి నేనూ నమ్మాను. ఇంటికొచ్చి, ఏమీ చెప్పకుండా చెయ్యి అమ్మ ముక్కు దగ్గర పెట్టాను. ఆవిడ కళ్లు మూసుకుంది. చాలాసేపు అలాగే వుంది.

"మొగలేరా," అంది. "కానీ ఇది ఇవాళ కోసిన మొగలి. నా పెట్టెలోది ముసలి మొగలి. దానికి ఆ ముసలితనం రావాలంటే పెట్టె కావాలి గదా?"

పెట్టె మాట ఆవిడ నోట రావడం మూడేళ్లలో అదే మొదలు.

"తప్పయిపోయిందమ్మా," అన్నాను.

"గుమ్మం పట్టకపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావు?" అని సీసా పుచ్చుకుని లోపలికి వెళ్లింది. బీరువా తలుపు చప్పుడైంది.

మర్నాడు కాలేజీలో మనుచరిత్ర పాఠం. హిమాలయం మీద దారి తప్పిన ప్రవరుడికి గాలిలో కస్తూరి, కర్పూరం కలిసిన తాంబూలపు వాసన తగులుతుంది. దాన్ని బట్టి, దగ్గరలో మనిషి వున్నదని అతడు గ్రహిస్తాడు. వరూథిని కనబడకముందే ఆమె సుగంధం వచ్చి పలకరించిందని నేను చెబుతున్నాను. శ్రీనాథుడి హరవిలాసాన్ని అంకితం పుచ్చుకున్న అవచి తిప్పయ సెట్టి ఓడల మీద కర్పూరమూ కస్తూరీ తెప్పించిన వర్తకుడని కూడా కలిపి, కొంచెం గొప్పగానే చెబుతున్నాను. ముందు బెంచీలోని అమ్మాయిలు ముక్కులెగరేస్తూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

చివరికి ఒకమ్మాయి లేచింది. "సార్, పొద్దున్నే బిర్యానీ తిన్నారా?"

చొక్కా జేబు తడుముకున్నాను. అడుగున చిన్న దూదిపింజ తగిలింది. అమ్మ బీరువాలో చీరలతోనే ఆగలేదన్నమాట. క్లాసంతా నవ్వింది. ప్రవరుణ్ణి మంచుకొండ మీదే వదిలేసి నేనూ నవ్వాను.